గ్రూప్ వర్క్‌కి ఏ పద్ధతి ఎంచుకోవాలి? క్లాసుకీ ఆన్‌లైన్‌కీ ఒక పోలిక

నలుగురిని ఒక గ్రూపు చేసి, టాపిక్ ఇచ్చి, వారం గడువు పెడితే ఏమవుతుందో పాఠం చెప్పే ప్రతి ఒక్కరికీ తెలుసు. ఒకరు మొత్తం రాస్తారు. ఒకరు బొమ్మలు వెతికి అతికిస్తారు. ఇంకొకరు ఆఖరి రోజు వచ్చి తన పేరు చేర్చమంటారు. నాలుగో విద్యార్థి మొదటి రోజే ఒక మంచి మాట చెప్పి, ఎవరూ పట్టించుకోకపోయేసరికి ఊరుకుంటాడు. పని ఎగ్గొట్టేవాళ్ళ గురించి టీచర్లు చాలా మాట్లాడుకుంటారు. నా దృష్టిలో ఎక్కువ నష్టం ఆ నాలుగో విద్యార్థి దగ్గర జరుగుతోంది.

బ్రిజిడ్ బారన్ అనే పరిశోధకురాలు 2003లో ప్రచురించిన అధ్యయనంలో ఆరో తరగతి పిల్లలు ముగ్గురేసి కూర్చుని లెక్కల సమస్యలు చేశారు. బాగా చేసిన గ్రూపుల్లోనూ, తడబడ్డ గ్రూపుల్లోనూ సరైన ఆలోచనలు వచ్చాయి. ఆ ఆలోచన చెవిన పడ్డాక మిగతా ఇద్దరూ ఏం చేశారన్నదే తేడా. నెగ్గిన గ్రూపులు దాన్ని అందుకుని చర్చించాయి. నెగ్గని గ్రూపుల్లో అది గాల్లో కలిసిపోయింది, లేదా కారణం చెప్పకుండానే తోసిపుచ్చారు. తెలివైన పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టినంత మాత్రాన కలిసి పనిచేయడం వచ్చేయదని దీన్నిబట్టి అర్థమవుతుంది. దాన్ని విడిగా నేర్పాలి.

నేర్పడానికి పేరున్న పద్ధతులు చాలానే ఉన్నాయి. ఏది మంచిదని అడిగితే ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. మీ పాఠం, మీ క్లాసు, మీకున్న టైము బట్టి జవాబు మారుతుంది. అందుకని ముందు కొలతలు, తర్వాత పద్ధతులు.

## వేటితో కొలవాలి

పనికి నిజంగా ఇంకొకరు కావాలా? అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే. పది ప్రశ్నలిచ్చి ఐదుగురికి రెండేసి పంచితే అది పని పంచుకోవడమే, కలిసి చేయడం అనిపించుకోదు. క్లాసులో బాగా చదివే విద్యార్థి ఒక్కడే ఇంటి దగ్గర కూర్చుని త్వరగా ముగించగల పనైతే, గ్రూపు అతనికి బరువు, మిగతావాళ్ళకి సాకు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పనిచేసిన డేవిడ్ జాన్సన్, రోజర్ జాన్సన్ అనే అన్నదమ్ములు సహకార అభ్యసనానికి ఐదు మూలాంశాలు చెప్పారు. వాటిలో మొదటిది పరస్పరం ఆధారపడటం. నువ్వు గెలవకుండా నేను గెలవలేను అనే పరిస్థితి పనిలోనే ఉండాలి.

ఎవరి వంతు ఎంతో కనబడుతుందా? ఫ్రెంచ్ వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్మన్ తాడు లాగించి కొలిచాడు. మనుషులు పెరిగేకొద్దీ తలకి పడే బలం తగ్గుతూ వచ్చింది. ఆ ఫలితాలు 1913లో అచ్చయ్యాయి. 1979లో లాటనే, విలియమ్స్, హార్కిన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చప్పట్లు, కేకలతో ఇలాంటి ప్రయోగమే చేసి, గుంపులో మనిషి తక్కువ శ్రమ పడతాడని చూపించారు. ఎవరి శబ్దం ఎంతో విడిగా తెలుస్తుందని చెప్పగానే ఆ బద్ధకం మాయమైందని వాళ్ళే తర్వాతి ప్రయోగాల్లో కనుక్కున్నారు. టీచర్‌కి ఇది చాలా పనికొచ్చే విషయం. పిల్లల స్వభావం మార్చాల్సిన పని లేదు, వాళ్ళ వంతు కనబడేలా చేస్తే చాలు.

నోరు విప్పని విద్యార్థికి చోటుందా? స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ కోహెన్ ఏళ్ళ తరబడి దీనిమీదే పనిచేశారు. గ్రూపులో ఎవరు ఎక్కువ మాట్లాడతారనేది ఎవరికి ఎక్కువ తెలుసన్న దానిమీద ఆధారపడటం లేదని, ఎవరికి హోదా ఎక్కువన్న దానిమీద ఆధారపడుతోందని ఆవిడ చూపించారు. బాగా చదువుతాడన్న పేరు, భాష మీద పట్టు, స్నేహితుల బలం అన్నీ కలిసి ఆ హోదా అవుతాయి. ఎక్కువ మాట్లాడినవాళ్ళు ఎక్కువ నేర్చుకుంటారు కాబట్టి, ఊరికే వదిలేసిన గ్రూపు ఉన్న తేడాని ఇంకా పెంచుతుంది.

టీచర్‌కి పడే పని. తయారీకి ఎంత, నడపడానికి ఎంత, దిద్దడానికి ఎంత అని మూడూ వేరువేరుగా లెక్కేసుకోవాలి. తయారీ తేలికగా ఉండి దిద్దడం దగ్గర ప్రాణం తీసే పద్ధతులున్నాయి.

ఆన్‌లైన్‌లో నిలుస్తుందా? గదిలో టీచర్ ఒక్క చూపుతో పది గ్రూపుల్నీ పసిగట్టగలరు. తెర మీద ఆ చూపు ఉండదు. దానిమీద నడిచే పద్ధతులన్నీ ఆన్‌లైన్‌లో కుంటుపడతాయి.

## ఒక్క చూపులో

| పద్ధతి | పట్టే టైము | ఇంకొకరి అవసరం | వంతు కనబడటం | టీచర్ తయారీ | ఆన్‌లైన్‌లో |
|---|---|---|---|---|---|
| ఆలోచించు, జంటతో మాట్లాడు, అందరికీ చెప్పు | 5–10 నిమిషాలు | తక్కువ | ఓ మాదిరి | దాదాపు లేదు | బాగా నడుస్తుంది |
| ఓటు వేసి, వాదించి, మళ్ళీ ఓటు | ప్రశ్నకి 5–8 నిమిషాలు | ఓ మాదిరి | బాగా | ప్రశ్నలు రాయడమే కష్టం | చాలా బాగా |
| జిగ్సా | ఒకటి రెండు పీరియడ్లు | చాలా ఎక్కువ | బాగా | ఎక్కువ | జాగ్రత్తగా చేస్తే |
| జట్టు చదువు, విడి పరీక్ష | వారాల తరబడి | ఎక్కువ | చాలా బాగా | మొదట్లో ఎక్కువ | బాగా |
| ప్రాజెక్టు | వారాల నుంచి టర్మ్ దాకా | పనిని బట్టి | వదిలేస్తే సున్నా | ఎక్కువ | పనికొస్తుంది, కాపలా కావాలి |

## ఆలోచించు, జంటతో మాట్లాడు, అందరికీ చెప్పు

థింక్-పేర్-షేర్ అని పిలిచే ఈ పద్ధతిని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ లైమన్ 1981లో ప్రతిపాదించారు. ప్రశ్న అడిగి, ఒక నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఆలోచించమంటారు. తర్వాత పక్కవాళ్ళతో రెండు మూడు నిమిషాలు మాట్లాడుకుంటారు. ఆ తర్వాత కొందరు క్లాసుకి చెబుతారు.

మొదటి నిమిషాన్ని చాలామంది ఎగరగొడతారు. ప్రాణమంతా అందులోనే ఉంది. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను కూడా ఆగరని మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలోనే గమనించారు. మూడు సెకన్లు ఆగితేనే జవాబులు పొడవయ్యాయి, మామూలుగా మాట్లాడని పిల్లలూ నోరు విప్పారు. అలాంటిది ఒక నిమిషం మౌనమంటే మెల్లగా ఆలోచించే విద్యార్థికి పెద్ద అండ.

ఇది గ్రూప్ వర్క్ మొత్తానికి ప్రత్యామ్నాయం కాదు, మొదటి మెట్టు. ఒక చిన్న మార్పు చేస్తే దీని విలువ పెరుగుతుంది: అందరికీ చెప్పేటప్పుడు "నీ జవాబు చెప్పు" అనకుండా "నీ జంట ఏం చెప్పిందో చెప్పు" అని అడగండి. వినడం తప్పనిసరి అవుతుంది.

## ఓటు వేసి, వాదించి, మళ్ళీ ఓటు

హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. పీర్ ఇన్‌స్ట్రక్షన్ అంటారు. సూత్రాలు అప్పజెప్పే ప్రశ్న కాకుండా, భావన అర్థమైందో లేదో తేల్చే బహుళైచ్ఛిక ప్రశ్న ఇస్తారు. ఎవరికి వాళ్ళే ఓటేస్తారు. సరైన జవాబు సుమారు 30 నుంచి 70 శాతం మందికి వస్తే, వేరే జవాబు ఎంచుకున్నవాళ్ళని వెతికి ఒప్పించమంటారు. మళ్ళీ ఓటు. ఆ తర్వాతే టీచర్ వివరణ.

పెద్ద క్లాసు ఉన్న లెక్చరర్లకి నేను మొదట చెప్పే పద్ధతి ఇదే. బెంచీలు కదపక్కర్లేదు, దిద్దాల్సింది లేదు. చేతులెత్తినా, రంగు కార్డులు చూపించినా, ఫోన్లో పోల్ పెట్టినా పని జరుగుతుంది. చేతులెత్తిస్తే మాత్రం కళ్ళు మూసుకోమనాలి, లేకపోతే ముందు బెంచీ ఓటునే క్లాసంతా వేస్తుంది. దీని బలహీనత ప్రశ్నల నాణ్యత. ప్రశ్న మరీ తేలికైతే వాదన పుట్టదు, మరీ కష్టమైతే ఒకరి తప్పు ఇంకొకరికి అంటుకుంటుంది. ఒకే సరైన జవాబు ఉండే విషయాల్లోనే ఇది పూర్తిగా వెలుగుతుంది. కవిత్వం, చరిత్ర చర్చలకి అంతగా నప్పదు.

## జిగ్సా

1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో తెల్లవాళ్ళ, నల్లవాళ్ళ, మెక్సికన్ మూలాలున్నవాళ్ళ పిల్లలు బడుల్లో మొదటిసారి ఒకే గదిలో కూర్చోవాల్సి వచ్చి, గొడవలు రేగాయి. మనస్తత్వ శాస్త్రవేత్త ఇలియట్ ఆరన్సన్, ఆయన విద్యార్థులు క్లాసులు గమనించి, ఎప్పుడూ ఒకరితో ఒకరు పోటీపడే ఏర్పాటే మంట పెంచుతోందని తేల్చారు. ఏర్పాటునే మార్చేశారు.

పాఠాన్ని నాలుగైదు భాగాలు చేస్తారు. ప్రతి గ్రూపులో ఒక్కొక్కరికి ఒక్కో భాగం. ఒకే భాగం వచ్చినవాళ్ళు అన్ని గ్రూపుల నుంచి లేచి ఒకచోట చేరి దాన్ని క్షుణ్ణంగా చదువుతారు, ఎలా చెప్పాలో కూడా అనుకుంటారు. తిరిగి సొంత గ్రూపుకి వచ్చి మిగతావాళ్ళకి నేర్పుతారు. చివర్లో పాఠమంతటి మీదా ఎవరికి వాళ్ళకే పరీక్ష.

ఇందులో గొప్ప సంగతి ఏమిటంటే, ఎప్పుడూ పక్కన పెట్టే విద్యార్థి దగ్గర ఇప్పుడు అందరికీ కావాల్సిన ముక్క ఉంది. అతన్ని వెక్కిరిస్తే వెక్కిరించినవాళ్ళ మార్కులే పోతాయి. అందుకే మొదట తడబడే విద్యార్థిని కూడా మిగతావాళ్ళు ఓపికగా ప్రశ్నలడిగి బయటికి తెస్తారు. ఇంకొకరి అవసరం ఇంత బలంగా పనిలోనే ఇమిడిపోయిన పద్ధతి మరొకటి నాకు తెలియదు.

ఇబ్బందులూ అంత గట్టివే. తన భాగం బాగా వస్తుంది, పక్కవాళ్ళు చెప్పిన భాగాలు అరకొరగా వస్తాయి. చెప్పేవాళ్ళు తప్పు చెబితే తప్పే నేర్చుకుంటారు. ఒకరు ఆ రోజు రాకపోతే పాఠంలో ఒక ముక్కే ఎగిరిపోతుంది. పైగా ఒక భాగం తర్వాతే ఇంకో భాగం అర్థమయ్యే పాఠాలకి, అంటే బీజగణితంలో మెట్టు మీద మెట్టు ఎక్కే అధ్యాయాల వంటివాటికి, ఇది పనికిరాదు. విడదీసినా అర్థం చెడని పాఠాలే ఎంచుకోవాలి: ఒక జీవిత చరిత్రలోని దశలు, ఒక సంఘటనకి వేరువేరు కారణాలు, శరీరంలోని వ్యవస్థలు, ఒకే సమస్యకి వేరువేరు పరిష్కారాలు.

అరకొర చదువు భయపెడితే రాబర్ట్ స్లేవిన్ మార్చిన జిగ్సా-2 చూడండి. అందులో ముందు అందరూ పాఠం మొత్తం చదువుతారు, ఆ తర్వాతే ఒక్కో అంశంలో నిపుణులవుతారు. ఇంకొకరి అవసరం కాస్త సడలుతుంది, పాఠానికి మాత్రం పూర్తి భద్రత. పరీక్షలు నెత్తిమీద ఉన్న క్లాసుకి నేను జిగ్సా-2 వైపే మొగ్గుతాను. పిల్లల మధ్య గోడలు కూలాలన్నది మీ మొదటి లక్ష్యమైతే అసలు జిగ్సాయే మేలు.

## జట్టుగా చదువు, విడిగా పరీక్ష

ఈ కుటుంబంలో రెండు పద్ధతులు ముఖ్యం. ఒకటి స్లేవిన్ జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రూపొందించిన స్టాడ్ (స్టూడెంట్ టీమ్స్-అచీవ్‌మెంట్ డివిజన్స్). టీచర్ పాఠం చెబుతారు. రకరకాల స్థాయిల నలుగురు జట్టుగా కూర్చుని ఒకరికొకరు నేర్పుకుంటారు. పరీక్ష ఎవరిది వాళ్ళదే. జట్టుకి వచ్చే పాయింట్లు మాత్రం ఎవరు ఎన్ని తెచ్చుకున్నారన్న దాన్ని బట్టి ఉండవు, తన పాత సగటు మీద ఎంత ఎదిగారన్న దాన్ని బట్టి ఉంటాయి. ఎప్పుడూ 40 తెచ్చుకునే అమ్మాయి 52 తెస్తే, ఎప్పుడూ 90 తెచ్చే అబ్బాయి మళ్ళీ 90 తెచ్చినదానికన్నా జట్టుకి ఎక్కువ లాభం. వెనకబడిన విద్యార్థి జట్టుకి బరువు కాకుండా ఆశ అవుతుంది. ఈ ఒక్క లెక్క చాలా గొడవలు తీరుస్తుంది.

రెండోది లారీ మైఖేల్సన్ 1970ల చివర్లో ఓక్లహామా విశ్వవిద్యాలయంలో పెద్ద క్లాసుల కోసం మొదలుపెట్టిన టీమ్ బేస్డ్ లెర్నింగ్. ఐదు నుంచి ఏడుగురి జట్లు టర్మ్ అంతా మారవు. ఇంటి దగ్గర చదువుకుని వస్తారు, ముందు ఒంటరిగా చిన్న పరీక్ష, వెంటనే అదే పరీక్ష జట్టుగా. తర్వాత అన్ని జట్లకీ ఒకే చిక్కు సమస్య ఇచ్చి, ఒకే సమయంలో జవాబు చూపించమంటారు. జట్టు జవాబు తప్పై, తనకి సరైన జవాబు తెలిసి కూడా ఊరుకున్న విద్యార్థి మరుసటిసారి ఊరుకోడు. ఊరుకోబెట్టినవాళ్ళూ మరుసటిసారి వింటారు. మొదట్లో చెప్పిన నాలుగో విద్యార్థి సమస్యకి ఇంత సూటిగా తగిలే మందు ఇంకోటి లేదనే అంటాను.

బడి పిల్లలకి స్టాడ్, కాలేజీ వాళ్ళకి టీమ్ బేస్డ్ లెర్నింగ్ నప్పుతాయి. రెండోదానికి ఒక షరతు ఉంది: పిల్లలు ముందే చదువుకుని రావాలి. అది జరగదని మీకు ఖాయంగా తెలిస్తే దాని జోలికి పోకండి.

## ప్రాజెక్టు

అందరికీ తెలిసినది, అందరూ చేసేది, ఎక్కువగా చెడేది. ఒక సర్వే, ఒక నమూనా, ఒక వీడియో, ఒక నివేదిక. నిజ జీవితంలో జరిగే సహకారానికి దగ్గరగా ఉండేది ఇదొక్కటే అన్నది నిజం. మిగతా పద్ధతుల్లో గడువులు, తగాదాలు, పని మళ్ళీ పంచుకోవడం వంటివి టీచర్ చేతిలో ఉంటాయి. ఇక్కడ పిల్లల చేతిలో ఉంటాయి. ఆ కారణానికే దీన్ని చివర్లో పెట్టాలి. పైన చెప్పినవేవీ చేయని క్లాసుకి నేరుగా ప్రాజెక్టు ఇవ్వడం నేర్పకుండా పరీక్ష పెట్టడమే.

ఇస్తే మూడు కట్టుబాట్లు తప్పనిసరి. మధ్యలో కనీసం రెండు చోట్ల చూపించాల్సిన ముక్కలుండాలి. ఎవరు ఏం చేస్తారో రాతలో ఉండాలి, మారితే ఆ మార్పూ రాయాలి. చివర్లో ఎవరి వంతు గురించయినా ఇంకొకరిని అడిగి జవాబు రాబట్టే చిన్న మౌఖిక పరీక్ష ఉండాలి. ఈ మూడోది ముందే ప్రకటిస్తే చాలు, పిల్లలు ఒకరి పని ఒకరు చదవడం మొదలుపెడతారు.

## ఏది ఎంచుకున్నా ముందు నేర్పాల్సిన మాటలు

"కలిసి చర్చించండి" అన్నది పిల్లలకి ఏ పనీ చెప్పని మాట. చర్చ అంటే నోటితో ఏం అనాలో వాళ్ళకి తెలియాలి. ఒక గ్రూపుని మధ్యలో కూర్చోబెట్టి, మిగతా క్లాసు చుట్టూ నిలబడి పది నిమిషాలు గమనించేలా చేయడం నాకు నచ్చిన మార్గం. గమనించేవాళ్ళకి ఒకటే పని: ఒకరు ఏదైనా సూచన చేసినప్పుడు తర్వాత మాట్లాడినవాళ్ళు దాన్ని అందుకున్నారా, వదిలేశారా అని రాసుకోవడం.

బోర్డు మీద ఉంచదగ్గ మాటలు కొన్ని:

- "నువ్వు చెప్పింది నాకు ఇలా అర్థమైంది, అంతేనా?"
- "ఆ అడుగు ఎందుకు వచ్చిందో నాకు తెలియలేదు, మళ్ళీ చెప్తావా?"
- "నేను ఒప్పుకోవట్లేదు, ఎందుకంటే..."
- "ఇందాక ఒక మాట అన్నావు, మేం దాన్ని వదిలేశాం. మళ్ళీ అను."

ఆఖరి వాక్యం అన్నిటికన్నా విలువైనది. అడిగి చెప్పించుకోవడం కూడా నేర్పాలి. నోరీన్ వెబ్ పరిశోధనల్లో పదే పదే కనబడినదేమిటంటే, వివరించి చెప్పినవాళ్ళు బాగా నేర్చుకుంటారు, వివరణ లేకుండా జవాబు మాత్రమే అందుకున్నవాళ్ళకి లాభం ఉండదు. "జవాబెంత?" అని అడగొద్దని, "ఎలా వచ్చింది?" అని అడగమని చెప్పండి.

హోదా సమస్యకి కోహెన్ చెప్పిన మార్గం టీచర్ చేతిలోనే ఉంది. పని ఇచ్చేముందు దీనికి ఏయే శక్తులు కావాలో చెప్పండి: గీయడం, లెక్కపెట్టడం, అనుమానం లేవనెత్తడం, పోల్చడం. అన్నీ ఒక్కరికే ఉండవని, ప్రతి ఒక్కరికీ కొన్ని ఉంటాయని అనండి. గ్రూపుల మధ్య తిరుగుతూ, వెనక్కి తగ్గిన విద్యార్థి చేసిన పనికొచ్చే ఒక మాటని పట్టుకుని, ఆ మాట ఎందుకు పనికొస్తుందో అందరి ముందూ చెప్పండి. ఉత్త మెచ్చుకోలు కుదరదు. అది నిజమై ఉండాలి, ఫలానా మాట అని తెలియాలి.

## ఆన్‌లైన్ అయితే: ఒకే సమయంలోనా, ఎవరి టైములో వాళ్ళా?

పరికరం పేరు కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

ఒకే సమయంలో అంటే బ్రేకౌట్ రూములు, అంటే వీడియో క్లాసులో ఒక్కో గ్రూపుకి విడిగా ఇచ్చే చిన్న గదులు. గొంతు వినబడుతుంది, తగాదా వెంటనే తీరుతుంది, పరిచయం పెరుగుతుంది. కానీ టీచర్ ఒక్కసారి ఒక్క రూములోనే ఉండగలరు. మిగతా రూములన్నీ చీకట్లో ఉన్నట్టే. అందుకని ప్రతి రూముకీ తెరిచి ఉంచిన ఒక షేర్డ్ డాక్యుమెంట్ పేజీ ఇచ్చి, మాట్లాడుతూనే అందులో రాయమనాలి. అన్ని పేజీలూ మీ ముందు కనబడతాయి, కదలిక లేని పేజీ ఏ రూముకి వెళ్ళాలో చెబుతుంది. రూములోకి పంపేముందు పని, గడువు, ఎవరు మొదట మాట్లాడాలి అన్న మూడూ చెప్పి తీరాలి. ఎవరు మొదలుపెట్టాలో తెలియకే సగం మౌనాలు.

ఎవరి టైములో వాళ్ళంటే షేర్డ్ డాక్యుమెంట్, చర్చా వేదిక, వాయిస్ మెసేజ్‌లు. నెట్ సరిగా లేనివాళ్ళకి, ఫోను తప్ప కంప్యూటర్ లేనివాళ్ళకి, మాట కన్నా రాత సులువనిపించే విద్యార్థికి ఇదే న్యాయం. నలుగురిలో మాట్లాడని పిల్లలు రాతలో విచ్చుకోవడం ఎందరో టీచర్లు చూసే ఉంటారు. నష్టం ఏమిటంటే వేగం చచ్చిపోతుంది. ఒకరి కోసం ఒకరు రోజులు ఎదురుచూస్తారు. రెండు గడువులు పెడితే చాలావరకు సర్దుకుంటుంది: సొంత ఆలోచన పెట్టడానికి ఒకటి, ఇంకొకరి ఆలోచన మీద స్పందించడానికి ఒకటి.

గూగుల్ డాక్స్ వంటి వాటిలో వెర్షన్ హిస్టరీ చూస్తే ఎవరు ఎప్పుడు ఏం మార్చారో తెలుస్తుంది. దాన్ని సాక్ష్యంగా వాడండి, తీర్పుగా వాడకండి. అది టైపింగ్‌ని చూపిస్తుంది, ఆలోచనని చూపించదు. ముగ్గురు ఫోన్లో చెబుతుంటే ఒకరు టైప్ చేసి ఉండొచ్చు.

మెసేజింగ్ గ్రూపుల గురించి ఒక మాట. కబురు పంపడానికి బాగుంటాయి, పనికి బాగుండవు. నిన్న తీసుకున్న నిర్ణయం రేపటికి వందల మెసేజ్‌ల కింద పడిపోతుంది. నిర్ణయాలు డాక్యుమెంట్‌లోనే ఉండాలని నియమం పెట్టండి. పాఠాన్ని ఏ ఒక్క యాప్‌కీ కట్టేయకండి కూడా. ఎంతోమంది టీచర్లు అలవాటు పడ్డ గూగుల్ జామ్‌బోర్డ్ అనే ఆన్‌లైన్ వైట్‌బోర్డ్ 2024 చివరికి మూతపడింది. పద్ధతి మీ చేతిలో ఉంటే పరికరం మారినా పాఠం ఆగదు.

పైన చెప్పిన పద్ధతుల్లో ఓటు పద్ధతి ఆన్‌లైన్‌లో ఇంకా తేలిక, ఎందుకంటే పక్కవాళ్ళ ఓటు కనబడదు. జిగ్సాకి రూములు రెండుసార్లు కలపాలి. అందుకని ఒకే భాగం వచ్చినవాళ్ళ (నిపుణుల) సమావేశాన్ని ఎవరి టైములో వాళ్ళు చేసే పనిగా, నేర్పే భాగాన్ని లైవ్‌గా పెడితే బండి నడుస్తుంది. ఎవరైనా రాకపోతే ఉపయోగపడేలా ప్రతి భాగానికీ ఒక పేజీ నోట్సు ముందే డాక్యుమెంట్‌లో ఉంచాలి.

## ఎంతమంది, ఎవరెవరు

చిన్న పనికి ఇద్దరు, మామూలు పనికి ముగ్గురు లేదా నలుగురు. నలుగురిలో ఆరు జంటల సంబంధాలుంటాయి, ఎనిమిదిమందిలో ఇరవై ఎనిమిది. ఐదు దాటాలంటే టీమ్ బేస్డ్ లెర్నింగ్‌లా జట్టు నెలల తరబడి కలిసుండాలి. ఆన్‌లైన్‌లో ఒకరు తగ్గించుకోండి.

స్నేహితుల్నే ఎంచుకోనిస్తే త్వరగా మొదలవుతుంది, మిగిలిపోయినవాళ్ళ అవమానం కూడా త్వరగానే మొదలవుతుంది. జట్లు టీచరే వేయాలన్నది నా గట్టి అభిప్రాయం. టర్మ్ ప్రాజెక్టులో మాత్రం, ప్రతి విద్యార్థినీ తనకి కావాల్సిన ఒక్కరి పేరు అడిగి, ఆ ఒక్కరితో కలిపి, మిగతాది మీరు పూరించవచ్చు.

## మార్కులు ఎలా?

గొడవలన్నీ తేలేది ఇక్కడే. మూడు దారులున్నాయి.

అందరికీ ఒకే మార్కు: దిద్దడం తేలిక, న్యాయం తక్కువ. ఐదు పది నిమిషాల పనులకి, మార్కులకి విలువ లేని పనులకి సరిపోతుంది.

ఎవరి మార్కు వాళ్ళదే: న్యాయం, కానీ కలిసి పనిచేయడానికి కారణమే మిగలదు. జిగ్సా, స్టాడ్ వంటి చోట్ల కారణం పద్ధతిలోనే ఉంది కాబట్టి అక్కడ ఇది బాగా నడుస్తుంది.

కలగలుపు: గ్రూపు మార్కుని తోటివాళ్ళ అంచనాతో సర్దడం. ఉదాహరణకి గ్రూపు నివేదికకి 50కి 40 వచ్చాయి. ప్రతివాళ్ళూ మిగతావాళ్ళకి 5కి మార్కులేశారు. గ్రూపు సగటు 4, ఒక విద్యార్థికి వచ్చిన సగటు 3.6. 3.6ని 4తో భాగిస్తే 0.9. అతని మార్కు 40లో 0.9 వంతు, అంటే 36. ఈ గుణకం 0.8 కన్నా తగ్గకుండా, 1.1 దాటకుండా హద్దు పెట్టండి. లేదంటే కక్షలకీ కూటములకీ దారి తీస్తుంది. తోటివాళ్ళని "ఎంత మంచివాడు?" అని అడిగితే స్నేహానికి మార్కులు పడతాయి. "ఒప్పుకున్న పని గడువులోపు ఇచ్చాడా?", "ఇంకొకరి సూచనకి జవాబిచ్చాడా?" అని చూసిన ప్రవర్తన గురించి అడగండి. మధ్యలో ఒకసారి మార్కులు లేకుండా ఇదే అంచనా చేయించి వాళ్ళకి చూపించండి. సరిదిద్దుకునే టైము ఉన్నప్పుడు తెలిస్తేనే దానివల్ల ఉపయోగం.

ప్రాజెక్టుకి నేను మూడో దారే ఎంచుకుంటాను. చిన్న తరగతుల పిల్లలకి మాత్రం తోటివాళ్ళ మార్కులు వద్దు. అక్కడ మౌఖిక ప్రశ్నలే చాలు.

## మీరు ఎవరైతే ఏది

గ్రూప్ వర్క్ ఇప్పుడే మొదలుపెడుతున్న టీచర్: ఒక నెల జంటలతోనే ఉండండి. ప్రతి రోజూ ఒక ప్రశ్న, ఒక నిమిషం మౌనం, జంట మాట. తర్వాత ఒక చిన్న జిగ్సా, నాలుగు పేరాల పాఠంతో.

కిక్కిరిసిన క్లాసు, కదలని బెంచీలు: ఓటు పద్ధతి. ముందు బెంచీవాళ్ళు వెనక్కి తిరిగితే నలుగురి గ్రూపు అవుతుంది, ఇంకేమీ జరపక్కర్లేదు.

పిల్లల మధ్య ముఠాలు, వెలివేతలు ఉన్న క్లాసు: జిగ్సా, వారాల తరబడి, అవే గ్రూపులతో. ఒక్కసారి చేసి ఫలితం చూడకండి.

స్థాయుల్లో పెద్ద తేడాలున్న క్లాసు: స్టాడ్. ఎదుగుదల పాయింట్ల లెక్క పిల్లలకి మొదటి రోజే బోర్డు మీద చేసి చూపించండి.

కాలేజీ లెక్చరర్, టర్మ్ అంతా చేతిలో ఉంది: మొదటి సగం టీమ్ బేస్డ్ లెర్నింగ్, అవే జట్లతో రెండో సగం ప్రాజెక్టు. అప్పటికి వాళ్ళకి ఒకరి మాట ఒకరు వినడం అలవాటై ఉంటుంది, తోటివాళ్ళ అంచనా కూడా మనుషుల్ని తెలిసి వేసినదవుతుంది.

పూర్తిగా ఆన్‌లైన్: ముగ్గురేసి గ్రూపులు, రాతపని ఎవరి టైములో వాళ్ళు, వారానికి ఒక్క లైవ్ సమావేశం. మొదటి వారం పాఠం ఏదీ పెట్టకండి. ఎవరు ఏ వేళల్లో దొరుకుతారు, జవాబు ఎన్ని గంటల్లో ఇస్తారు, ఎవరైనా కనబడకుండా పోతే ఏం చేస్తారు అన్న మూడు ప్రశ్నలకి ప్రతి గ్రూపూ తమ ఒప్పందం రాసి మీకు పంపాలి. రెండో వారం నుంచి పని ఇవ్వండి.